దొరసాని మతానికి నాయనమ్మ తీసిన ఆరా

మా ఊళ్ళో సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్ళకి ముందు కాఫీ ఇస్తారు. తాగితే మాట సాగినట్టు. గ్లాసు ముట్టకుండా పక్కన పెడితే, పిల్ల నచ్చలేదనో ఇల్లు నచ్చలేదనో నోరు తెరవకుండా చెప్పేసినట్టు. ఒకరినొకరు నొప్పించుకోకుండా లేచిపోవడానికి పెద్దవాళ్ళు పెట్టుకున్న పద్ధతి అది. అందుకే అమెరికా దొర, ఆయన భార్య మా మిద్దె మీద గది చూడటానికి వచ్చి, నాయనమ్మ ఇచ్చిన కాఫీని నవ్వుతూ అందుకుని, నవ్వుతూనే అరుగు మీద పెట్టేసి వెళ్ళిపోయేసరికి, మా ఇల్లు వాళ్ళకి నచ్చలేదని నాయనమ్మ తేల్చేసింది.

"పోనీలే, మన మెట్లు వాళ్ళ కాళ్ళకి ఇరుకు," అంది.

ఆ మర్నాడే మా నాన్న ఆ గదినిండా పత్తి పోయించాడు. ఆ యేడు పత్తి బాగా పండింది, పెట్టుకోవడానికి చోటు చాల్లేదు. నేను మిరపకాయల కోతలకి పుట్టింటికి వచ్చి ఉన్నాను కాబట్టి ఇదంతా నా కళ్ళతో చూసిందే. వారం తిరక్కుండా జీపు వచ్చి మా గుమ్మంలో ఆగింది. పెట్టెలు దిగాయి, మడత మంచాలు దిగాయి, వెనకాలే దొరా దొరసానీ దిగారు. దొర ఉత్సాహంగా మెట్లెక్కి తలుపు తోశాడు. లోపల కాలు పెట్టే సందు లేదు. తెల్లగా వాసాల దాకా పత్తి.

మా బాబాయి గుంటూరు కాలేజీలో చదువుకున్నవాడు, ఇంగ్లీషు వచ్చు. నాయనమ్మ అతన్ని ముందుకి తోసి, "మీకు ఇల్లు నచ్చలేదుగా అని అడగరా," అంది.

"నచ్చిందనే కదండీ వచ్చాం, అంటున్నాడమ్మా."

"నచ్చితే కాఫీ ఎందుకు తాగలేదో అడుగు."

బాబాయి అడిగాడు. దొరసాని ముఖం ఎర్రగా అయిపోయింది. ఏదో చాలాసేపు చెప్పింది. బాబాయి విని, తల గోక్కుని, "వాళ్ళ మతంలో కాఫీ తాగకూడదట. టీ కూడా. సారా, పొగాకు అసలు దగ్గరికి రానివ్వరట," అన్నాడు.

మా నాన్న నోట్లో చుట్ట అలాగే ఆగిపోయింది. మా పొలంలో సగం మిరప, సగం పత్తి అయితే, గట్టవతల మా చుట్టాలందరిదీ పొగాకే. "కాఫీ తాగని మతం ఒకటుందా?" అన్నాడు. చుట్ట మాత్రం పారెయ్యలేదు.

నాయనమ్మ లోపలికి వెళ్ళి చల్లకుండ తెచ్చింది. దొరసాని రెండు గ్లాసుల మజ్జిగ తాగింది. పత్తి అమ్ముడుపోయేదాకా వాళ్ళిద్దరూ మా ముందుగదిలో, మిరపకాయల బస్తాల పక్కన పడుకున్నారు. ఘాటుకి పొద్దస్తమానం తుమ్మేవాళ్ళు. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు.

ఆ మతం పేరు మోర్మను మతం అని బాబాయి చెప్పాడు. ఆ మాట మా ఊరు వినడం అదే మొదలు. సాగరు కాలవ మా వైపుకి రాబోతోంది, ఏ నేల నీరు పడుతుందో ఏది చౌడుబారుతుందో చూడాలని దొరని పంపించారు. ఆయన నేలలోకి తొలిచే పొడుగాటి బర్మా దించి, మట్టి పైకి తీసి, డబ్బాలకెత్తి జీపులో పట్టుకుపోయేవాడు. "ఒరేయ్, బంగారం లాంటి మిరపకాయలుంటే దొర మన్ను మోసుకుపోతున్నాడేంట్రా," అని కల్లాల దగ్గర నవ్వుకునేవాళ్ళు. దొరసాని వాళ్ళ దేశంలో పురుళ్ళు పోసే ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన మనిషి. ఇక్కడ చేసే పనేమీ లేక, మా నాయనమ్మ వెనకాల తిరుగుతూ తెలుగు నేర్చుకుంది. ముందుగా వచ్చిన తెలుగు, తొడిమలు తియ్యడానికి కూర్చున్న కూలీలు మాట్లాడే తెలుగు. "ఏవే, ఇటు రావే," అని మా నాన్ననే పిలిచిందొకసారి. ఆ తరవాత బాబాయి గార్లు, అండీలు నేర్పించాడు.

ఇక నా సంగతి చెప్పాలి. అంతకు ముందు నేను ఇద్దర్ని కని ఇద్దర్నీ పోగొట్టుకున్నాను. ఇద్దరూ ఎదురుకాళ్ళే. ఒకడు ఊపిరి లేకుండానే వచ్చాడు, ఇంకొకతె పదకొండోనాటి పురుడు రాకుండానే పోయింది. మా అమ్మ, నా తమ్ముణ్ణి కంటూ పోయిన మనిషి. నన్ను పెంచింది నాయనమ్మే. మూడోసారి నెల తప్పినప్పుడు సంతోషించడానికి కూడా మా ఇంట్లో ఎవరికీ ధైర్యం లేకపోయింది. ఏడో నెలలో నన్ను పురిటికి తీసుకొచ్చారు. దొరసాని నన్ను చూసి, నాయనమ్మని అడిగి, నా పొట్టమీద చెయ్యి వేసి, చెక్క గొట్టం ఆనించి, అటూ ఇటూ జరిపి మళ్ళీ విన్నది. తరవాత బాబాయిని పిలిపించింది.

"తల పైన ఉందంటోంది. తిరగొచ్చు, తిరక్కపోవచ్చునట. నొప్పులు రాగానే జీపులో గుంటూరు ఆసుపత్రికి తీసుకెళతానంటోంది. దారి బాగాలేక వెళ్ళలేకపోతే ఇక్కడే తాను దగ్గరుంటానంటోంది. మీరు ఒప్పుకుంటేనేనట."

నాయనమ్మ వెంటనే ఒప్పుకునేదే. ఈలోపల పక్కింటి పిన్ని గోడ మీదనుంచి తల పెట్టింది. నాయనమ్మకి వరసకి కోడలు.

"అత్తా, నీకు చెప్పకపోతే నాకు పాపం. ఆ మతంవాళ్ళు ఒక్కొక్కడు నలుగుర్ని చేసుకుంటారట. అదటుంచు. పుట్టిన బిడ్డని అందుకుని ఎవరూ చూడకుండా నీళ్ళలో ముంచుతారట. ముంచితే ఆ బిడ్డ వాళ్ళవాడైపోయినట్టేనట. ఆనక నువ్వు బారసాల చేసినా లెక్కకి రాదట."

"ఎవరు చెప్పారే?"

"అందరూ అనుకుంటున్నారు."

"అందరూ అంటే నాకు ముఖం కనపడదే. ఒక్కళ్ళ పేరు చెప్పు."

పిన్ని పొగాకు ఆరబెట్టే బారను కొట్టం దగ్గర విన్నానంది. బారనువాళ్ళని అడిగితే చీరాల చీరలమ్మే ఆయన చెప్పాడన్నారు. ఆయన సంచి విప్పుతుంటే అడిగింది నాయనమ్మ. "నేను మీ ఊళ్ళోనే విన్నానమ్మా," అన్నాడాయన. మాట చుట్టూ తిరిగొచ్చి మా గోడ దగ్గరే ఆగింది.

అయితే ఆ మాట తిరిగిన దారిలో మా అత్తగారి ఊరు కూడా ఉంది. మా అత్తగారు కబురు పంపింది. ఆ దొరసాని చెయ్యి పడిన బిడ్డని తన గుమ్మం తొక్కనివ్వనని. కబురు తెచ్చిన మనిషి ఆ మాటని మెత్తగా చెప్పాలని చాలా కష్టపడ్డాడు, కానీ మెత్తబడే మాట కాదది.

నాయనమ్మ ఆ పూట అన్నం తినలేదు. దొరసాని చెయ్యి వద్దంటే బిడ్డ దక్కుతుందో లేదో. కావాలంటే, దక్కిన బిడ్డకి ఇల్లుంటుందో లేదో. మర్నాడు పొద్దున్నే లేచి తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, "ఒరేయ్, పద," అంది బాబాయితో.

"ఎక్కడికమ్మా?"

"ఆరా తియ్యడానికి."

మా నాయనమ్మ గురించి ఇక్కడ ఒకటి చెప్పాలి. మా చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్ళి సంబంధం వచ్చినా ఆరా తియ్యమని ఆవిణ్ణే పిలిచేవాళ్ళు. ఆవిడ చూసొచ్చి ఊ అంటే ఊ, ఉహూ అంటే ఉహూ. అక్షరం ముక్క రాదు. కానీ ఎవర్ని ఏది అడగాలో తెలుసు. అయినవాళ్ళు పొగుడుతారు, కానివాళ్ళు తిడతారు, ఆ రెండూ తీసెయ్యి, ఇద్దరూ ఒప్పుకున్నది మిగుల్చుకో అనేది. కానివాడు మంచి చెబితే దానికి రెండింతలు విలువ కట్టమనేది. ఏ సంగతైనా చివరికి ఆ మనిషినే అడగాలనేది. తన లోటు అడక్కముందే తానే చెప్పినవాడికి పిల్లనివ్వొచ్చనేది.

"మతానికి ఆరా ఏంటమ్మా, సంబంధమా?" అని బాబాయి నవ్వాడు.

"మన బిడ్డ మీద వాళ్ళ చెయ్యి వెయ్యనివ్వడం సంబంధం కాదట్రా?"

ముందు జీపు నడిపే సాయిబుని అడిగింది. వినుకొండ మనిషి, దొర దగ్గర జీతం, వాళ్ళతో పొద్దుగూకులూ తిరిగేవాడు. అతనిది వాళ్ళ మతమూ కాదు, మాదీ కాదు. జీపు తుడుస్తూ చెప్పాడు. "సీసా లేదమ్మా, చుట్ట లేదు, కాఫీ లేదు. నెల మొదటి ఆదివారం ఉపవాసముంటారు. ఆ పూట తిండికయ్యేదాన్ని లేనివాళ్ళకి తీసి పెడతారు. ఇక్కడ వాళ్ళ గుడి లేదు కదా, ఆదివారం ఇద్దరే ఎదురెదురుగా కూర్చుని పాడుకుంటారు. దొర గొంతు బాగుండదు."

"నిన్నేమన్నా మానమన్నారా?"

"నా టీ నేను తాగుతాను. తాగుతుంటే జీపు ఆపుకుని కూర్చుంటారు. ఒక్కసారి కూడా ఒద్దనలేదు."

ఆ మాట నాయనమ్మకి నచ్చింది. నచ్చిందని మాత్రం అనలేదు. ఆరా పూర్తయ్యేదాకా ఏదీ అనకూడదు, అన్నామంటే ఆ తరవాత చెవులు ఆ మాటకి సరిపోయేవే వింటాయి అనేది.

తరవాత బస్సెక్కి గుంటూరు వెళ్ళారు. బ్రాడీపేటలో మాకు దూరపు చుట్టం ఒక ప్లీడరు గారున్నారు. అద్దాల బీరువాల నిండా ఇంగ్లీషు పుస్తకాలు. ఆయన నాయనమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, నిచ్చెనేసుకుని పైనుంచి లావుపాటి పుస్తకం దించి దుమ్ము దులిపారట. బాబాయి ఇదంతా నాకు అభినయించి మరీ చూపించాడు. ప్లీడరు గారు చదివి తెలుగులో చెప్పుకుంటూ పోయారు. అమెరికాలో ఒక పల్లెటూరి కుర్రాడికి దేవుడు కనపడ్డాడని, బంగారు రేకుల మీద రాసిన గ్రంథం దొరికిందని చెప్పాడట. నమ్మినవాళ్ళు కొందరు, కొట్టి తరిమినవాళ్ళు కొందరు. చివరికి ఆ కుర్రాణ్ణి, పెద్దవాడయ్యాక, చంపేశారట. మిగిలినవాళ్ళు బళ్ళు కట్టుకుని, బళ్ళు లేనివాళ్ళు తోపుడుబళ్ళు తామే లాక్కుంటూ, ఎడారి దాటి, ఉప్పు చెరువు పక్కన చౌడునేలలో దిగి కాలవలు తవ్వుకున్నారట. వాళ్ళలో మగవాళ్ళు ఎక్కువమందిని పెళ్ళాడే వాడుక ఉందని కూడా ఉంది.

నాయనమ్మ అంతా విని, "పుస్తకం ఎప్పటిది బాబూ?" అని అడిగింది.

ఆయన మొదటి పేజీ తిప్పి చూసి నవ్వారట. "మా నాన్నగారు కొన్నది. నేను పుట్టకముందుది."

"అంతకాలం అయితే మిరపకాయకే రంగు పోతుంది. ఘాటు మాత్రం ఉంటుందిలెండి. రాసినాయన వాళ్ళ ఊరెళ్ళి చూసి రాశాడా?"

"ఆ సంగతి చెప్పలేదు పెద్దమ్మా. మంచి ప్రశ్నే అడిగావు. సాక్షిని నేను అడిగే మొదటి ప్రశ్నా అదే."

"పుట్టిన బిడ్డని ముంచుతారని ఉందా?"

ప్లీడరు గారు కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ మొదటినుంచి చూశారు. లోపల భోజనానికి పిలుస్తున్నా లేవలేదు. "లేదు," అన్నారు చివరికి. "కానీ ఇందులో లేదంటే వాళ్ళు చెయ్యరని కాదు. ఇందులో రాయలేదని, అంతే. నేను లేదనేస్తే నువ్వు నమ్ముతావు, అందుకని చెబుతున్నాను." తెలుగులో ఆ మతం గురించి ఒక్క ముక్క ఎక్కడా అచ్చు కాలేదని కూడా ఆయనే కనుక్కుని చెప్పారు. నాయనమ్మ తిరిగొచ్చాక చాలాకాలం ఆయన్ని మెచ్చుకునేది. తెలియని చోట తెలియదని చెప్పే చదువు గొప్ప చదువమ్మా అనేది నాతో.

మూడోచోటు కానివాళ్ళ చోటు. మా పక్క ఊళ్ళో చిన్న చర్చి ఉంది, అక్కడి పాస్టరు గారు ముసలాయన, తెలుగాయనే. ఏసుప్రభువునే నమ్మే ఇంకో మతం గురించి అడిగితే ఆయన మంచి చెప్పడని అందరికీ తెలుసు. అందుకే ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు నన్ను కూడా బండిలో తీసుకెళ్ళింది. పాస్టరు గారు చర్చి వెనకాల వంగతోటకి నీళ్ళు పెడుతున్నారు.

"వాళ్ళు మాకు ఒప్పరమ్మా," అన్నారు నాయనమ్మ అడగ్గానే. "మా బైబిలు చాలదని ఇంకో గ్రంథం పెట్టుకున్నారు. ప్రవక్తలు ఇంకా వస్తూనే ఉంటారంటారు. వాళ్ళని మావాళ్ళల్లో కలుపుకోం."

"అది మీలో మీ తగువు. నాకు ఒక్కటే కావాలి. పుట్టిన బిడ్డని ముంచుతారా?"

పాస్టరు గారు చేద కింద పెట్టారు. కాసేపు వంగమొక్కలకేసి చూశారు. "నేను చిన్నప్పుడు మా గురువుగారి దగ్గర విన్నది చెబుతాను. పసిబిడ్డలకి బాప్తిస్మం ఇచ్చేది మేమమ్మా. వాళ్ళు ఇవ్వరు. పసిబిడ్డకి పాపం అంటదు, నీళ్ళెందుకని ఆ విషయంలో మమ్మల్నే తప్పుపడతారు."

నాయనమ్మ నావైపు చూసింది. నేను ఆవిడవైపు చూశాను. మా ఊరంతా వాళ్ళ మీద వేసిన మాట, వాళ్ళు ఒప్పుకోని పనేనన్నమాట. ఆయన వాళ్ళని ఒక్క మాట తిట్టి ఊరుకుంటే ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. అయినా చెప్పారు.

"మీకు గిట్టనివాళ్ళకి అనుకూలంగా చెప్పారు, బాబూ," అంది నాయనమ్మ.

"నువ్వు బిడ్డ గురించి అడిగావు కదమ్మా," అన్నారాయన, మళ్ళీ చేద అందుకుంటూ. వచ్చేటప్పుడు వంకాయలు ఒళ్ళో పోశారు.

ఇక మిగిలింది దొరసాని. నాయనమ్మ ఆవిణ్ణి కూర్చోబెట్టి అడగలేదు. సంబంధాల్లో కూడా అంతే, పిల్లాణ్ణి పీటమీద కూర్చోబెట్టి అడిగితే నేర్చుకున్న జవాబు చెబుతాడు, పనిలో ఉండగా అడగాలి. ఆవకాయ తిరగకలిపే రోజు దాకా ఆగింది. దొరసాని తలకి గుడ్డ చుట్టుకుని జాడీలు అందిస్తోంది. వరసగా ఉన్న జాడీలు, గాదెలో బియ్యం, అటకమీద చింతపండు, మిరపకాయలు చూసి, "ఇదంతా ఏడాదికా?" అంది.

"ఏడాదికే. ఏం, నవ్వొస్తోందా?"

"లేదండీ. మా ఇళ్ళల్లో కూడా ఇంతే. కరువుకి దాచుకోమని మా పెద్దలు చెబుతారు. మా అమ్మ పళ్ళు, కూరలు సీసాల్లో పెడుతుంది."

నాయనమ్మ చెయ్యి జాడీలో అలాగే ఆగింది. కాఫీ తాగని మనుషుల్లో కూడా ఏడాదికి సరుకు దాచుకునే ఆడవాళ్ళున్నారంటే ఆవిడకి సగం పని అయిపోయింది. బాబాయిని కేకేసి, "నేనడిగింది అడిగినట్టు చెప్పు, నీ సొంతం కలపకు," అంది. తరవాత దొరసానితో, "మీ మతంలో పిల్లల్ని నీళ్ళలో ముంచుతారటగా. ఎప్పుడు?" అంది. ముంచుతారా అని అడగలేదు చూడండి. లేదని తప్పించుకోవడానికి సందివ్వలేదు.

"ముంచుతాం. ఎనిమిదేళ్ళు నిండాక. అప్పటికి తప్పేదో ఒప్పేదో తెలుస్తుందని. అది కూడా వాడికి ఇష్టమై, తల్లీతండ్రీ ఒప్పుకుంటేనే. పసిబిడ్డకయితే పేరు పెట్టి దీవిస్తాం. మా పిల్లలకి."

ఆవిడకి అర్థమయిపోయింది ఎందుకడుగుతున్నారో. నా పొట్టవైపు చూసింది. నొచ్చుకుందేమో, ఆ నొప్పి మాత్రం మా మీదకి రానివ్వలేదు. అడక్కుండానే ఇంకోటి చెప్పింది. "మీరింకోటి కూడా విని ఉంటారు. అది నిజం. మా తాతగారి నాన్నకి ఇద్దరు భార్యలు. నేను రెండో ఆవిడ వంశం. ఆ కాలంలో ఉండేది. తరవాత మా పెద్దలే మానేశారు. ఇప్పుడెవరైనా చేసుకుంటే వెలేస్తారు."

బాబాయి ఇది చెప్పడానికి తటపటాయించాడు. నాయనమ్మ విని, ఆవకాయ చేతిని జాడీ అంచుకి రాస్తూ, "మా మావగారికీ ఇద్దరే. నేను మొదటావిడ కోడల్ని. రెండో ఆవిడ వండితే ఊరంతా తినేది," అంది. దొరసాని ముందు తెల్లబోయి, ఆనక కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. ఆవకాయ ఘాటు కూడా ఉందనుకోండి.

బాబాయికి ఉండబట్టలేదు. "ఆ బంగారు రేకులు మీరు చూశారా?" అని ఇంగ్లీషులో అడిగి, మాకు తెలుగులో చెప్పాడు.

"చూళ్ళేదు," అంది దొరసాని, తెలుగులోనే. "నమ్ముతాను. చూసినట్టు మాత్రం చెప్పను."

నాయనమ్మ చెయ్యి కడుక్కుంది. ఆ సాయంత్రం నా తల దువ్వుతూ, "నీ పురుడు ఆ పిల్లే పోస్తుంది. మీ అత్త సంగతి నేను చూసుకుంటాను," అంది. అంతవరకూ దొరసాని అనేది, ఆ రోజు పిల్ల అంది.

శ్రావణంలో ముసురు పట్టింది. మా నల్లరేగడి సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎండాకాలం నెర్రెల్లో చెయ్యి దూరుతుంది, వానాకాలం కాలు పెడితే చెప్పు భూమికే వదిలెయ్యాలి. నొప్పులు మొదలవగానే నన్ను జీపులో కూర్చోబెట్టారు. ఊరి పొలిమేర దాటాక జీపు ఇరుసు దాకా దిగబడిపోయింది. దొర, సాయిబు, నాన్న, బాబాయి చక్రాల కింద పత్తికట్టె మోపులు మోపులు వేశారు. నేల పత్తికట్టెని కూడా మింగింది. నాన్న చుట్ట పారేసి, ఎడ్లు తోలుకొచ్చి, నన్ను బండిలో మళ్ళీ ఇంటికి చేర్చాడు.

మంత్రసాని అప్పటికే వచ్చి కూర్చుంది. నా రెండు పురుళ్ళూ ఆవిడే పోసింది. దొరసానిని చూసి మూతి ముడిచింది. కానీ దొరసాని వెళ్ళి ఆవిడ పక్కన కింద కూర్చుని, "మీరు పొట్ట పట్టుకోండి. నేను కింద చూస్తాను. ఇద్దరం కావాలి," అంది. ఇద్దరం అన్నాక ఏం పోట్లాడుతుంది? సరేనంది.

ముందు కాళ్ళే వచ్చాయి. మంత్రసాని లాగబోయింది. దొరసాని ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఒద్దు. దానంతట అది రావాలి." తానూ చేతులు వెనక్కి తీసుకుంది. నాకు ఇప్పటికీ గుర్తున్నది ఆ చేతులే. చెయ్యగలిగి ఉండి, చెయ్యకుండా, గాల్లో సిద్ధంగా ఆపిపెట్టిన చేతులు. నాయనమ్మ నా తల ఒళ్ళో పెట్టుకుని ఏమీ మొక్కుకోకుండా ఆ చేతులకేసే చూస్తోంది. నడుము వచ్చింది, భుజాలు వచ్చాయి. అప్పుడు పట్టుకుంది దొరసాని, మంత్రసానితో పైనుంచి అదమమని చెప్పింది. తల వచ్చింది. బిడ్డ నీలంగా ఉన్నాడు. ఏడవలేదు. దొరసాని వాడి నోరు తుడిచి, తన నోటితో వాడి ముఖం మీద చిన్న చిన్నగా ఊపిరి ఊదింది. ఇంట్లో వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు.

వాడు తుమ్మాడు. తరవాత ఏడ్చాడు. మా ఇంట్లో మిరపకాయలకి తుమ్మనివాడు ఎవడు, అని బాబాయి వసారాలోంచి అన్నాడు.

నాయనమ్మ గోరువెచ్చటి నీళ్ళు గంగాళంలో తెప్పించింది. అప్పటికి గుమ్మం దగ్గర పక్కింటి పిన్ని, ఇంకా నలుగురు ఆడవాళ్ళు చేరారు. బిడ్డ దొరసాని చేతుల్లో, ఎదురుగా గంగాళం నిండా నీళ్ళు. అందరూ చూస్తున్నారు. దొరసానికి తెలిసిపోయింది. ఒక్క అడుగు వెనక్కి వేసి, బిడ్డని నాయనమ్మకి అందించి, "మీరు పొయ్యండి అమ్మగారూ," అంది.

నాయనమ్మ వాణ్ణి అందుకుని ఒకసారి ముఖం చూసుకుంది. గుమ్మంవైపు తిరిగి పిన్నిని చూసింది. తరవాత బిడ్డని తిరిగి దొరసాని చేతుల్లో పెట్టింది.

"ఊపిరి పోసినదానివి, నీళ్ళు కూడా నువ్వే పొయ్యి," అంది.

దొరసాని కాళ్ళు చాపుకుని కూర్చుని, మా ఆడవాళ్ళు పోసినట్టే, కాళ్ళమీద వాణ్ణి పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది. పిన్ని చెంబు అందించింది.

పురుడు నాటికి మా అత్తగారు వచ్చింది. గుమ్మం బయటే నిలబడి, "అందరూ ఏదో అంటున్నారు, పిన్నిగారూ," అంది నాయనమ్మతో. నాయనమ్మ ఆవిణ్ణి లోపలికి రమ్మనలేదు, తానే బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చుని, సంబంధం చూసొచ్చినవాళ్ళు చెప్పినట్టు మొదటినుంచి చెప్పుకొచ్చింది. సాయిబు ఏమన్నాడు, ప్లీడరు గారు ఏది తెలియదన్నారు, పాస్టరు గారు ఏది తమదే అని ఒప్పుకున్నారు, దొరసాని ఏ లోటు తానే చెప్పింది. ఏదీ పెంచలేదు, ఏదీ దాచలేదు, ఇద్దరు పెళ్ళాల సంగతి కూడా చెప్పింది. "నేను తీసిన ఆరా మీద మీ మేనకోడలి పెళ్ళి చేశారు. అది చెడిందా?" అని అడిగింది చివర్న.

"చెడలేదు," అంది మా అత్తగారు.

"అయితే లోపలికి వచ్చి మనవణ్ణి చూసుకోండి."

ఆవిడ కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చింది. నాయనమ్మ కాఫీ ఇచ్చింది. అందరం ఆ గ్లాసుకేసే చూస్తున్నాం. మా అత్తగారు తాగింది.

దొరకి పని అయిపోయాక వాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళ మతంలోకి మా ఇంట్లో ఎవరూ వెళ్ళలేదు, రమ్మని వాళ్ళూ అడగలేదు. మా నాన్న చుట్ట మానలేదు, కానీ దొరసాని ఎదురుపడితే దాన్ని వెనక్కి దాచడం ఆమె ఉన్నన్నాళ్ళూ చేశాడు. జీపు కదిలేముందు దొరసాని నాయనమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, చంటిపిల్లని పట్టుకున్నట్టు.

ఎదురుకాళ్ళతో పుట్టినవాడి కాలు తగిలితే పట్టేసిన నడుం వదులుతుందని మా వైపు నమ్మకం. మావాడికి నడక వచ్చిన దగ్గర్నుంచీ మా అత్తగారింటి ముందు నడుములు పట్టేసినవాళ్ళు బోర్లా పడుకునేవాళ్ళు. మొదట పడుకున్న మనిషి మా అత్తగారే. పత్తి మోపు ఎత్తబోయి నడుం పట్టేస్తే, తన గుమ్మానికి తానే అడ్డంగా పడుకుని, "ఏరా నాన్నా, తొక్కరా, ఇంకా గట్టిగా తొక్కు," అంది. వాడు గుమ్మం ఇవతల ఒక కాలు, అవతల ఒక కాలు వేసి, ఆవిడ నడుం మీద ఎక్కి నిలబడ్డాడు. నన్ను చూడ్డానికి వచ్చిన నాయనమ్మ వసారాలో కూర్చుని ఉంది. నవ్వు కనపడకుండా కాఫీ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుంది.